అల్లిక వస్త్రాల వెచ్చదనం – సీమ రైతు కుటుంబాలకు ఉపయోగపడే విజ్ఞానం

కడప జిల్లా ఎర్రగుంట్ల పేరు వినగానే ఎండ, నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తుకు వస్తాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణమైన ఈ ప్రాంతంలో చలి దుస్తులను గురించి చెప్పుకోవలసిన అవసరమేమిటన్న సందేహం ఎవరికైనా కలగవచ్చు. కాని మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున నల్లరేగడి చేలలోకి వెళ్లినవారికి ఆ సందేహం ఉండదు. కాయ రాలిపోకుండా శనగను మంచు పదును ఉండగానే కోయాలి. విద్యుత్తు వేళను బట్టి చీకటిలోనే మోటారు వేసి నీరు మళ్లించాలి. గొర్రెల కాపరులు రాత్రంతా మంద వద్దనే ఉండాలి. కర్మాగారాలలో రాత్రి పాళీ ముగించుకున్నవారు ద్విచక్ర వాహనాలపై ఎదురుగాలిలో ఇళ్లకు చేరుకోవాలి. సగం ఏడాది ఎండకు అలవాటు పడిన శరీరానికి 18 డిగ్రీల గాలి, దానికి తోడు తడిసిన పంచె అంచు చాలు, వేళ్లు కొంకర్లు పోవడానికి. వేళ్లు పట్టు తప్పిన చేతిలో కొడవలి గాని, తడి చేతికింద స్టార్టరు గాని ప్రమాదకరమే.

చలికాలం రాగానే పట్టణాలలో రహదారుల పక్కన స్వెట్టర్లు, మఫ్లర్లు, మంకీ టోపీలు విక్రయించే దుకాణాలు వెలుస్తాయి. వీటిలో అధిక భాగం అల్లిక వస్త్రాలే. కొనేవారు సాధారణంగా బరువును, బిగువును, రంగును చూసి ఎంచుకుంటారు. అయితే వస్త్రానికి వెచ్చదనాన్ని ఇచ్చేది దాని బరువు కాదు, చాలా వరకు దారం కూడా కాదు. దారపు ఉచ్చుల మధ్య కదలకుండా నిలిచిపోయిన పొడి గాలియే ఆ పని చేస్తుంది. ఈ ఒక్క సూత్రాన్ని గ్రహిస్తే ఏ వస్త్రం కొనాలో, దానిని ఎట్లా ధరించాలో, ఎట్లా ఉతకాలో తేలికగా నిర్ణయించుకోవచ్చు.

శరీరం నుండి వేడి పోయే మార్గాలు

మనం తిన్న ఆహారం శరీరంలో వేడిగా మారుతుంది. విశ్రాంతిగా కూర్చున్న పెద్ద మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని, అంటే ఒక పాతకాలపు పెద్ద బల్బు ఇచ్చేంత వేడిని నిరంతరం ఉత్పత్తి చేస్తుంది. పని పెరిగే కొద్దీ ఇది రెండు, మూడు రెట్లవుతుంది. పుట్టిన వేడి పుట్టినట్లు బయటకు పోతూ ఉంటేనే శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల వద్ద నిలకడగా ఉంటుంది. పుట్టినదాని కంటె ఎక్కువ పోతే చలి, తక్కువ పోతే ఉక్క.

ఈ వేడి నాలుగు మార్గాలలో పోతుంది. చల్లని నేలను, ఇనుప పనిముట్టును తాకినప్పుడు నేరుగా పోయేది ఉష్ణవహనం. చర్మాన్ని ఒరుసుకొని పోయే గాలి ఎత్తుకుపోయేది ఉష్ణసంవహనం. రాత్రివేళ నిర్మలమైన ఆకాశం వైపు శరీరం వెదజల్లేది ఉష్ణవికిరణం. చెమట, తడి ఇగిరిపోయేటప్పుడు తీసుకుపోయేది బాష్పీభవనం. దుస్తులు వేడిని పుట్టించవు. ఈ నాలుగు మార్గాలలో వేడి వేగాన్ని తగ్గించడమే అవి చేయగలిగిన పని. ‘వెచ్చని స్వెట్టర్’ అన్న మాట వాడుకలో ఉన్నప్పటికీ, మేకుకు తగిలించిన స్వెట్టర్ గదిలోని గాలి ఎంత చల్లగా ఉంటే అంత చల్లగానే ఉంటుంది. తొడిగిన తరువాతనే మన వేడిని మనకు నిలిపి పెడుతుంది.

గాలి – కంటికి కనిపించని దుప్పటి

పదార్థాలు వేడిని ఎంత సులువుగా తమగుండా పోనిస్తాయో తెలిపే కొలతను ఉష్ణవాహకత అంటారు. మీటరుకు, డిగ్రీకి మిల్లీవాట్లలో చెప్పుకుంటే నిశ్చలమైన గాలికి ఇది సుమారు 25 మాత్రమే. ఘన సెంటీమీటరుకు అర గ్రాము చొప్పున ఒత్తి చేసిన పోగుల దిండ్లలో పత్తికి 71, ఉన్నికి 54, పట్టుకు 50 వరకు ఉంటుంది. ఆ దిండ్లలో కూడా సగానికి పైగా గాలియే ఉన్నదని గుర్తుంచుకోవాలి. నీటికి ఇది దాదాపు 600. అనగా నిశ్చలమైన గాలి కంటె నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది.

ఇంత మంచి ఉష్ణ నిరోధకమైన గాలి మన చుట్టూ ఉచితంగానే ఉన్నప్పటికీ చలి ఎందుకు వేస్తుంది? గాలి ఒకచోట నిలవదు కనుక. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, చల్లని గాలి దాని స్థానంలోకి వస్తుంది. శరీరానికి, వస్త్రానికి మధ్య ఖాళీ కొద్ది మిల్లీమీటర్ల వరకు ఉన్నప్పుడు గాలి దాదాపు నిశ్చలంగా ఉండి వెచ్చదనం పెరుగుతూ పోతుంది. సుమారు ఒక సెంటీమీటరు దాటిన తరువాత గాలి లోపలే తిరగడం ప్రారంభిస్తుంది. అటుపైన ఖాళీ పెరిగినా ప్రయోజనం పెరగదు. కాబట్టి గాలిని చిన్న చిన్న గదులుగా విడగొట్టి బంధించే నిర్మాణం కావాలి. అటువంటి నిర్మాణమే అల్లిక.

నేత, అల్లిక – నిర్మాణ భేదం

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాలలోని చేనేత మగ్గాలను చూసినవారికి నేత పద్ధతి పరిచితమే. నిలువుగా సాగిన పడుగు పోగులకు అడ్డంగా పేక పోగు పోతుంది. రెండూ ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా దాటి బిగిసిపోతాయి. దారాలు దాదాపు నిటారుగా ఉంటాయి కనుక వస్త్రం పలుచగా, సాగకుండా, గాలి సులువుగా దూరని విధంగా తయారవుతుంది.

అల్లికలో పడుగు, పేక అన్న విభజన ఉండవలసిన అవసరం లేదు. ఒకే దారాన్ని సూదితో ఉచ్చుగా, అనగా లూపుగా వంచి, ఆ ఉచ్చులో నుండి మరొక ఉచ్చును లాగుతూ పోతారు. అడ్డవరుసలో, నిలువువరుసలో ఒక ఉచ్చు మరొకదానిని పట్టుకొని ఉంటుంది. ఇంటిలో రెండు సూదులతో స్వెట్టర్ అల్లే మహిళ చేసే పనినే కర్మాగారంలోని గుండ్రని యంత్రం వందల కొద్దీ సూదులతో చేస్తుంది. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రాన్ని నిర్మించడంతో యాంత్రిక అల్లిక ప్రారంభమైంది. నేడు మన దేశంలో తమిళనాడులోని తిరుప్పూరు ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రం. మనం ధరించే బనియన్లు, టీషర్టులలో అనేకం అక్కడి నుండి వచ్చినవే.

ఉచ్చు నిర్మాణం వలన మూడు ఫలితాలు కలుగుతాయి. మొదటిది, వంగిన దారం బల్లపరుపుగా పడుకోక పైకి లేచి నిలుస్తుంది కనుక వస్త్రానికి మందం వస్తుంది. రెండవది, ప్రతి ఉచ్చు నడుమ, ఉచ్చుకు ఉచ్చుకు మధ్య, దారంలోని పోగుల మధ్య గాలికి చోటు ఏర్పడుతుంది. మూడవది, వస్త్రం సాగి శరీరపు ఒంపులకు అనుగుణంగా నిలుస్తుంది. దానివలన మెడ వద్ద, మణికట్టు వద్ద వేడిగాలి జారిపోకుండా ఆగుతుంది.

ఒక చిన్న లెక్కతో ఈ భేదాన్ని స్పష్టంగా చూడవచ్చు. చదరపు మీటరుకు 120 గ్రాముల బరువు, పావు మిల్లీమీటరు మందం గల నూలు చొక్కా గుడ్డను తీసుకుందాం. దాని మొత్తం పరిమాణం 250 ఘన సెంటీమీటర్లు. పత్తి పోగు సాంద్రత 1.52 కనుక అందులో పత్తి ఆక్రమించేది సుమారు 79. మిగిలినది గాలి, అంటే 68 శాతం. చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు, 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న బనియన్ గుడ్డలో ఇదే విధంగా లెక్కిస్తే గాలి దాదాపు 83 శాతం. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు, 3 మిల్లీమీటర్ల మందం గల ఉన్ని స్వెట్టర్‌లో, ఉన్ని సాంద్రత 1.31 కనుక, గాలి 92 శాతం వరకు ఉంటుంది. స్వెట్టర్ కొన్నప్పుడు మనం డబ్బు చెల్లించేది ఉన్నికే అయినా, చలిని ఆపే పనిలో అధిక భాగం ఆ 92 శాతం గాలిదే.

అల్లికలోని రకాలు

అన్ని అల్లికలు ఒకే స్థాయిలో వెచ్చదనాన్ని ఇవ్వవు. ఒకవైపు నున్నగా, మరొకవైపు గరుకుగా కనిపించే సింగిల్ జెర్సీ అన్నిటికంటె పలుచనిది. బనియన్లు, సాధారణ టీషర్టులు ఈ రకానివి. నిలువు చారలుగా ఎత్తుపల్లాలు కనిపించే రిబ్ అల్లికలో ఉచ్చులు ముందుకు, వెనుకకు మారుతూ ఉండడం వలన వస్త్రం మందంగా ఉండి, ఎక్కువ గాలిని పట్టి ఉంచుతుంది, బాగా సాగి తిరిగి యథాస్థితికి వస్తుంది. స్వెట్టర్ల మెడ, నడుము, మణికట్టు పట్టీలను దీనితోనే అల్లుతారు. రెండు రిబ్ అల్లికలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయినట్లుండే ఇంటర్‌లాక్ రెండు వైపులా నున్నగా, మందంగా, నిలకడగా ఉంటుంది. లోపలి వైపు ఉచ్చులను బ్రష్షుతో దువ్వి నూగు లేపిన ఫ్లీస్ వస్త్రం తక్కువ బరువులోనే ఎక్కువ గాలిని బంధిస్తుంది.

దారం పేనిన తీరు కూడా ముఖ్యమే. అల్లికకు వాడే నూలును నేత నూలు కంటె తక్కువ పురితో వడుకుతారు. పురి తక్కువైతే దారం మెత్తగా, ఉబ్బుగా ఉండి దానిలోపల కూడా గాలి నిలుస్తుంది. ఉచ్చులను మరీ బిగువుగా అల్లితే బరువు పెరుగుతుంది గాని గాలికి చోటు తగ్గుతుంది. మరీ వదులుగా అల్లితే గాలి నిలవక పారుతుంది. కాబట్టి చేతితో అల్లేవారు దారం మందానికి తగిన సూదిని ఎంచుకోవాలి. అల్లిన ముక్కను వెలుగుకు పట్టి చూసినప్పుడు ఉచ్చుల మధ్య పెద్ద రంధ్రాలు కనిపించరాదు. పిడికిట నొక్కి వదిలితే వెంటనే లేచి నిలవాలి.

పత్తి రైతు గమనించవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. అల్లిక సూది కొనకు దారంలోని ముడి గాని, మందపు చోటు గాని తగిలితే ఉచ్చు జారి వస్త్రంలో రంధ్రం పడుతుంది. తెగిన ఒక ఉచ్చు కింది ఉచ్చులను కూడా విడిపిస్తుంది. అందువలన అల్లిక పరిశ్రమ పింజ పొడవులో సమానత్వం ఉన్న, చెత్త లేని దూదిని కోరుతుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుండి నరసింహ వంటి పత్తి రకాలు వచ్చిన ప్రాంతం మనది. మంచి రకం వేసినప్పటికీ, మంచు ఆరకముందే తీసిన పత్తిలో, ప్లాస్టిక్ సంచుల పోగులు, వెంట్రుకలు, ఎండుటాకులు కలిసిన పత్తిలో ఆ గుణం నిలవదు. ఏరివేతలో పాటించే శుభ్రత చివరకు ఎవరి బనియన్‌లోనో ఉచ్చుగా నిలుస్తుంది.

పోగుల గుణగణాలు

వెచ్చదనంలో అధిక భాగం గాలిదే అయినప్పుడు పోగుతో పని ఏమిటన్న ప్రశ్న సహజం. గాలిని ఎంతకాలం, ఎటువంటి పరిస్థితులలో నిలిపి ఉంచగలదన్నది పోగును బట్టి ఉంటుంది.

ఉన్ని పోగు సహజంగానే మెలికలు తిరిగి ఉంటుంది. నొక్కినా తిరిగి లేస్తుంది. కనుక ఉన్ని అల్లిక ఏళ్ల తరబడి మందాన్ని నిలుపుకొంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఉన్ని తన పొడి బరువులో సుమారు 16 శాతం తేమను పీల్చుకొంటుంది. పత్తి 7 నుండి 8 శాతం వరకు, అక్రిలిక్ ఒకటిన్నర శాతం వరకు, పాలియెస్టర్ అర శాతంలోపు మాత్రమే పీల్చుకొంటాయి. ఉన్ని తేమను లోపలికి తీసుకొనేటప్పుడు కొద్దిపాటి వేడిని విడుదల చేస్తుంది. దాని ఉపరితలం మాత్రం నీటిని అంత తేలికగా అంటనివ్వదు. అందువలన చినుకులలో, మంచులో ఉన్ని వెంటనే చల్లబడదు.

పత్తి మెత్తనిది, చర్మానికి హితమైనది, చవకైనది. కాని బాగా తడిసిన నూలు అల్లికలో ఉచ్చులు కుంగిపోయి గాలి స్థానాన్ని నీరు ఆక్రమిస్తుంది. అక్రిలిక్ దారం ఉన్నిలాగా ఉబ్బుగా, తేలికగా ఉండి తక్కువ ధరకు లభిస్తుంది. మార్కెట్‌లో ఉన్ని పేరుతో విక్రయించే దారంలో చాలా భాగం ఇదే. పొడిగా ఉన్నంతవరకు ఇది మంచి వెచ్చదనాన్నే ఇస్తుంది. అయితే చలిమంట వద్ద దీనితో చాలా జాగ్రత్త అవసరం. ఉన్ని తేలికగా అంటుకోదు, అంటుకున్నా మంట దూరమైతే ఆరిపోయే స్వభావం కలది. అక్రిలిక్ మాత్రం కరిగి, వేగంగా మండి, చర్మానికి అతుక్కుంటుంది. తెల్లవారుజామున మంట వేసుకొని చుట్టూ కూర్చొనే అలవాటు ఉన్న మన పల్లెలలో ఈ భేదం ప్రాణానికి సంబంధించినది.

అల్లిక వస్త్రాల బలహీనతలు

అల్లిక వస్త్రానికి శత్రువులు మూడు: గాలి, తడి, ఒత్తిడి.

ఉచ్చుల మధ్య చోటే అల్లికకు బలం. వీచే గాలి ముందు అదే దాని బలహీనత. ఆ రంధ్రాల గుండా దూరిన గాలి లోపల నిలిచిన వెచ్చని గాలిని తోసివేస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ద్విచక్ర వాహనం నడిపేవారికి ఎదురయ్యే గాలి సెకనుకు 11 మీటర్లు. నిలకడగా కూర్చున్నప్పుడు హాయిగా ఉన్న స్వెట్టర్ ఆ వేగంలో జల్లెడ అవుతుంది. దానిపైన గట్టి నేత గల చొక్కా గాని, జర్కిన్ గాని వేసుకొంటే అదే స్వెట్టర్ మళ్లీ వెచ్చనిదవుతుంది.

తడి మరింత ప్రమాదకరమైనది. ఒక గ్రాము నీరు చర్మం మీద ఇగిరిపోవడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. ఒంటిమీది దుస్తులలో ఉన్న 100 గ్రాముల నీరు, అంటే అర గ్లాసు నీరు, శరీరపు వేడితోనే ఆరవలసివస్తే, విశ్రాంతిగా ఉన్న మనిషి 40 నిమిషాల పాటు ఉత్పత్తి చేసే వేడి మొత్తం దానికే ఖర్చవుతుంది. శనగ చేలో మంచుకు తడిసిన చీర అంచు, నీరు మళ్లించేటప్పుడు తడిసిన పంచె, పార పనిలో చెమటకు తడిసిన బనియన్ ఈ విధంగానే మనిషిని వణికిస్తాయి. పని ముగిసిన వెంటనే తడి బనియన్ విప్పి పొడిది వేసుకోవడం కొత్త స్వెట్టర్ కొనడం కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

మూడవది ఒత్తిడి. బిగుతైన స్వెట్టర్‌లో ఉచ్చులు సాగి పలుచబడతాయి, లోపలి గాలి పొర నశిస్తుంది. కింద పరచుకొన్న దుప్పటి మన బరువుకు నలిగి దాదాపు పనిచేయదు. చేలో పడుకొనేవారు పైన కప్పుకొనే దానితో పాటు కింద పరచుకొనే దానిని గురించి కూడా శ్రద్ధ వహించాలి. వరిగడ్డి లేదా మంచం ఇందుకు ఉపయోగపడతాయి.

కంబళి నేర్పే పాఠం

రాయలసీమలో ఈ సూత్రాలు కొత్తవి కావు. కురుబలు దక్కని జాతి నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంపై కంబళి నేసేవారు. కంబళి అల్లిక కాదు, నేత. అయినప్పటికీ ఆ ముతక ఉన్ని పోగు నొక్కితే లేచే గుణం కలది కనుక నేతలో కూడా తగినంత గాలిని పట్టి ఉంచుతుంది. గట్టి నేత వలన గాలి దూరదు. చినుకులు వెంటనే లోపలికి దిగవు. కాపరికి అది రాత్రి దుప్పటి, వానలో గొడుగు, ఎండలో నీడ.

పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత కూడా ఇదే విజ్ఞానం. ఒక్కొక్క పొర పలుచనిదే. పొరకు పొరకు మధ్య చిక్కిన గాలియే బొంతను వెచ్చగా ఉంచుతుంది.

మాంసానికి గిరాకీ పెరిగిన తరువాత ఉన్ని లేని, పొట్టి వెంట్రుకల నెల్లూరు జాతి గొర్రెలు అనేక మందలలో దక్కని గొర్రెల స్థానాన్ని ఆక్రమించాయి. ఉన్ని తగ్గడంతో కంబళి నేత కూడా సన్నగిల్లింది. ఆ ఖాళీని నింపినవి యంత్రాలు అల్లిన స్వెట్టర్లు, మిల్లు దుప్పట్లు. ఒకదానిని వదలి మరొకదానిని పట్టుకోవలసిన అవసరం లేదు. అల్లిక ఎక్కువ గాలిని బంధిస్తుంది గాని వీచే గాలిని ఆపలేదు. కంబళి వీచే గాలిని ఆపుతుంది గాని శరీరానికి అమరదు. లోపల వదులైన అల్లిక, పైన గట్టి నేత – ఈ రెండింటి కలయికయే సీమ చలికి తగిన దుస్తు. ఇంటిలో పాత కంబళి ఉన్నవారు దానిని మూలన పడవేయక ఈ విధంగా వాడుకోవచ్చు.

ఎంత వెచ్చదనం కావాలి?

దుస్తుల వెచ్చదనాన్ని కొలవడానికి గాగీ, బర్టన్, బాజెట్ అనే శాస్త్రవేత్తలు 1941లో ‘క్లో’ అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. గాలి వీచని, 21 డిగ్రీలున్న గదిలో విశ్రాంతిగా కూర్చున్న మనిషికి హాయి కలిగించే దుస్తుల నిరోధకత ఒక క్లో. సుమారుగా చెప్పాలంటే చేతులు లేని బనియన్ 0.05, నిండు చేతుల చొక్కా 0.25, ప్యాంటు 0.20, నిండు చేతుల మందపు స్వెట్టర్ 0.36 క్లో వరకు ఇస్తాయి.

దీనిని మన పరిస్థితికి అన్వయించుకుందాం. గాలి 18 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు మోటారు పక్కన కదలకుండా కూర్చొన్న రైతుకు సుమారు 1.4 క్లో అవసరం. బనియన్, చొక్కా, ప్యాంటు కలిపి 0.5 మాత్రమే. స్వెట్టర్ చేరిస్తే 0.86. ఇంకా అర క్లోకు పైగా లోటు ఉంటుంది. దానిని తలకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు, భుజాలపై కంబళి పూరించాలి. అదే రైతు లేచి పారతో కాలువ మళ్లించడం ప్రారంభించగానే శరీరపు వేడి రెట్టింపవుతుంది. అప్పుడు అర క్లో చాలు. స్వెట్టర్ విప్పకపోతే చెమట పట్టి లోపలి బనియన్ తడుస్తుంది. తిరిగి కూర్చోగానే ఆ తడి చలిని రెట్టింపు చేస్తుంది. అందుచేత ఒకే మందపాటి దుస్తు కంటె, విప్పుకొంటూ తొడుక్కొంటూ ఉండగలిగిన రెండు, మూడు పలుచని పొరలు మేలు. ముందువైపు గుండీలున్న స్వెట్టర్ పొలం పనికి ఇందువలననే అనుకూలం.

వేసవిలో అల్లిక వస్త్రాలు

ఉష్ణ నిరోధకత రెండు వైపులా పనిచేస్తుంది. లోపలి వేడిని బయటకు పోనివ్వని పొర బయటి వేడిని కూడా లోపలికి తొందరగా రానివ్వదు. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి 42 డిగ్రీలకు చేరినప్పుడు వేడి బయటి నుండి లోపలికి ప్రవహిస్తుంది. అప్పుడు శరీరాన్ని చల్లబరచగలిగినది చెమట ఇగరడం ఒక్కటే. కాబట్టి వేసవి దుస్తులలో నిరోధకత కంటె చెమటను పీల్చి, గాలికి ఆరనిచ్చే గుణం ప్రధానం. పలుచని నూలు బనియన్ చెమటను పీల్చి విశాలమైన ఉపరితలంపై పరుస్తుంది. దానిపై వదులైన, లేత రంగు నేత చొక్కా ఎండ నేరుగా తగలకుండా కాపాడుతుంది. నాపరాతి గనులలో, పొలాలలో ఎండకు పనిచేసేవారు ఒంటికి అతుక్కొనే పాలియెస్టర్ టీషర్టులను ధరించకపోవడం మంచిది.

జాలీ బనియన్‌లో ఈ రెండు గుణాలు ఒకేచోట కనిపిస్తాయి. దానిని ఒంటరిగా వేసుకొంటే రంధ్రాల గుండా గాలి ఆడి చల్లగా ఉంటుంది. దానిపైన గుండీలు బిగించిన చొక్కా వేస్తే అవే రంధ్రాలలో గాలి నిలిచిపోయి వెచ్చగా ఉంటుంది. నార్వేలో చలికి ఇటువంటి జాలీ బనియన్లనే లోదుస్తులుగా ధరించే అలవాటు ఉంది. మారినది వస్త్రం కాదు, అందులోని గాలి కదలిక మాత్రమే.

శిశువులు, వృద్ధుల విషయంలో

పెద్దవారిలో తల శరీర ఉపరితలంలో సుమారు 7 శాతం మాత్రమే. నవజాత శిశువులో అది దాదాపు 20 శాతం. శిశువు వణికి వేడి పుట్టించుకోలేదు. కనుక పుట్టిన వెంటనే ఒళ్లు తుడిచి పొడిగా చేసి, తల్లి ఛాతీకి ఆనించి, తలకు మెత్తని అల్లిక టోపీ తొడిగి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ విషయంలో ఇది మరింత ముఖ్యం. టోపీ తడిస్తే వెంటనే మార్చాలి. పుట్టిన బిడ్డకు నూలుతో గాని, మెత్తని ఉన్నితో గాని అల్లిన టోపీ, మేజోళ్లు ఇచ్చే అలవాటును స్వయం సహాయక సంఘాల మహిళలు చేపట్టవచ్చు. రెండు సూదులు, ఒక ఉండ దారం, రెండు మధ్యాహ్నాలు ఇందుకు చాలు. అదే సమయంలో, వేసవిలో పుట్టిన బిడ్డకు చలికాలపు దుస్తులు తొడిగి ఉక్కపోతకు గురిచేయరాదు.

వృద్ధులలో కండరాలు తగ్గి వేడి ఉత్పత్తి తగ్గుతుంది, చలి తెలియడం కూడా ఆలస్యమవుతుంది. వారు చలి అనకపోయినా రాత్రివేళ మేజోళ్లు, టోపీ, వదులైన స్వెట్టర్ వేయడం ఇంటివారి బాధ్యత.

కొనుగోలు, సంరక్షణ – ముఖ్య సూచనలు

1. స్వెట్టర్‌ను బరువు చూసి కాక, మందం, మెత్తదనం చూసి ఎంచుకోవాలి. పిడికిట నొక్కి వదిలినప్పుడు వెంటనే లేచేది మంచిది.

2. లోపల బనియన్, చొక్కా పట్టేంత వదులు ఉండాలి. మెడ, మణికట్టు, నడుము వద్ద మాత్రం రిబ్ పట్టీ అమరి ఉండాలి.

3. వాహనంపై వెళ్లేవారు, గాలి వీచే చోట పనిచేసేవారు అల్లిక వస్త్రంపై గట్టి నేత గల పొర తప్పక వేసుకోవాలి.

4. పనికి ముందు ఒక పొర తగ్గించాలి. పని ముగియగానే తడి బనియన్ మార్చి, ఆ పొరను తిరిగి వేసుకోవాలి.

5. చలిమంట, కట్టెల పొయ్యి వద్ద అక్రిలిక్, పాలియెస్టర్ దుస్తులు, వేలాడే మఫ్లర్లు ధరించరాదు.

6. ఉన్ని దుస్తులను వేడినీటిలో నానబెట్టి రుద్దితే పోగులపై ఉండే పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకొని వస్త్రం కుదించుకుపోతుంది. చల్లని నీటిలో తక్కువ సబ్బుతో మెల్లగా పిసికి, మెలిపెట్టకుండా నీరు నొక్కి తీయాలి.

7. తడిసిన స్వెట్టర్‌ను దండెంపై వేలాడదీస్తే దాని బరువుకే సాగిపోతుంది. నీడలో చాపపై పరచి ఆరబెట్టాలి.

8. నిల్వ చేసేటప్పుడు ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, వేపాకుతో కలిపి వదులుగా మడచిపెట్టాలి. బరువైన వస్తువుల కింద నొక్కి ఉంచరాదు.

9. ఒక ఉచ్చు తెగితే ఆ రోజే సూది, దారంతో పట్టివేయాలి. ఆలస్యమైతే వరుస మొత్తం విడిపోతుంది.

ఎర్రగుంట్ల వంటి ప్రాంతాలలో చలి నెలలు కొద్దిగానే ఉంటాయి. అందువలననే చలి దుస్తుల కోసం పెద్దగా ఖర్చు చేయగలిగిన కుటుంబాలు తక్కువ. ఖర్చు పెరగకుండానే వెచ్చదనాన్ని పెంచుకొనే మార్గం ఉన్నదని పై విషయాల వలన తెలుస్తుంది. ఉన్న బనియన్ పొడిగా ఉండాలి, ఉన్న స్వెట్టర్ వదులుగా ఉండాలి, దానిపై ఉన్న చొక్కా గాని కంబళి గాని గాలిని ఆపాలి. తెల్లవారుజామున మోటారు వద్దకు బయలుదేరే రైతు, అరుణోదయానికి ముందే శనగ కోతకు నడిచే కూలి మహిళ ఈ మూడింటినీ పాటిస్తే చేతివేళ్లు పట్టు తప్పవు, పని ఆగదు, ఆరోగ్యం చెడదు.